ఎలక్ట్రిక్ కారులో అడాస్ వాడకం: తరచుగా అడిగే ప్రశ్నలు

హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్, మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ, టాటా హారియర్ ఈవీ, ఎంజీ జడ్‌ఎస్ ఈవీ, బీవైడీ అట్టో 3 లాంటి ఎలక్ట్రిక్ కార్ల పై వేరియంట్లలో లెవెల్ 2 అడాస్ వస్తోంది. అడాస్ అంటే కెమెరా, రాడార్‌లతో రోడ్డును గమనిస్తూ డ్రైవర్‌కి సాయం చేసే వ్యవస్థ. బటన్ల పేర్లు, మెనూలు కంపెనీని బట్టి మారతాయి. లోపల జరిగే పని మాత్రం దాదాపు ఒకటే. ఆ పని ఏమిటి, మన రోడ్ల మీద అది ఎక్కడ అక్కరకొస్తుంది, ఎక్కడ తడబడుతుంది అన్నవే ఇక్కడి జవాబులు. మీ మోడల్‌కి ప్రత్యేకమైన వేగ పరిమితులను ఓనర్స్ మాన్యువల్‌లో చూసుకోండి. ఆ పుస్తకంలో అడాస్ అధ్యాయం చివర "ఈ సందర్భాల్లో పని చేయకపోవచ్చు" అనే పెద్ద జాబితా ఉంటుంది. చాలామంది తిరగేయని పేజీలు అవే, ముందు చదవాల్సినవీ అవే.

లెవెల్ 2 అంటే కారు తనంతట తానే నడుస్తుందా?

నడవదు. స్టీరింగు, వేగం రెండింటికీ ఒకేసారి సాయం చేస్తుంది, అంతే. రోడ్డు చూడాల్సింది మీరే, తప్పు జరిగితే బాధ్యతా మీదే. అంతర్జాతీయంగా వాడే ఎస్‌ఏఈ వర్గీకరణలో 0 నుంచి 5 వరకు ఆరు మెట్లున్నాయి. 2 వరకు నడిపేది మనిషే. 3 నుంచి, నిర్ణీత పరిస్థితుల్లో, కారు నడుపుతుంది. మెర్సిడెస్ ఈక్యూఎస్‌లోని డ్రైవ్ పైలట్ లెవెల్ 3కి చెందింది. జర్మనీలో దానికి కూడా ఆటోబాన్ (అక్కడి ఎక్స్‌ప్రెస్‌వే) మీద, గంటకు 95 కి.మీ. లోపు మాత్రమే అనుమతి దొరికింది. మన షోరూముల్లో ఎవరైనా "సెల్ఫ్ డ్రైవింగ్ సార్" అంటే అది అమ్మకం మాట.

80 దాటగానే వచ్చే బీప్ కూడా అడాసేనా? ఆపడం ఎలా?

కాదు. 2019 జులై నుంచి మన దేశంలో తయారైన ప్రతి కారులోనూ ఆ అలారం తప్పనిసరి. 80 దాటితే ఆగి ఆగి మోగుతుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. దానికి కెమెరాతో, రాడార్‌తో సంబంధం లేదు. సెట్టింగుల్లో ఆపే వీలూ ఉండదు.

కారు కొత్తది. ఏది ముందు మొదలుపెట్టాలి?

మొదటి వారం హెచ్చరికలు మాత్రమే ఆన్‌లో ఉంచండి: ముందు ఢీకొనే ప్రమాద హెచ్చరిక, బ్లైండ్ స్పాట్ (అద్దాల్లో కనబడని పక్క భాగంలో బండి ఉందనే హెచ్చరిక), లేన్ దాటుతున్నప్పటి శబ్దం. ఏ బీప్ దేనికి వస్తోందో చెవికి పట్టాలి. మూడు నాలుగు రకాల శబ్దాలు ఒకేలా వినిపిస్తాయి. ఏది దేనిదో తెలియకపోతే అసలైన హెచ్చరికను కూడా కొట్టిపారేస్తారు.

తర్వాత అడాప్టివ్ క్రూజ్, అంటే మీరు పెట్టిన వేగంతో వెళ్తూ, ముందు బండిని బట్టి తానే వేగం తగ్గించి పెంచుకునేది. దీన్ని నేర్చుకోవడానికి హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు లాంటిది మేలు. 158 కి.మీ. పొడవు, 8 లేన్లు, టూ వీలర్లకూ పాదచారులకూ ప్రవేశం లేదు, గీతలు స్పష్టంగా ఉంటాయి. పగటిపూట, రద్దీ లేని వేళ, ఎడమ నుంచి రెండో లేన్‌లో 80కి సెట్ చేసి మొదలుపెట్టండి. కుడికాలు బ్రేక్ మీదికి ఇట్టే వెళ్లేలా ఉండాలి, సీటు మీదికి మడుచుకోకూడదు. క్రూజ్‌ను నాలుగు రకాలుగా రద్దు చేసి చూడండి: బ్రేక్ తొక్కడం, క్యాన్సిల్ బటన్, ప్రధాన బటన్, కొన్ని కార్లలో గేర్ సెలెక్టర్. అవసరం పడ్డప్పుడు బటన్ ఎక్కడుందో వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

లేన్ మధ్యలో నిలిపే ఫీచర్ అన్నిటికన్నా చివర.

అడాప్టివ్ క్రూజ్‌లో గ్యాప్ ఎంత పెట్టాలి?

గ్యాప్‌ను స్క్రీన్ మీద గీతలుగా చూపిస్తారు కానీ లోపల అది సెకన్ల లెక్క. 90 కి.మీ. వేగంలో కారు సెకనుకు 25 మీటర్లు వెళ్తుంది. హ్యుందాయ్ మాన్యువల్ ప్రకారం ఆ వేగం దగ్గర నాలుగు గ్యాపులు సుమారు 25, 32.5, 40, 52.5 మీటర్లు. అంటే ఒక సెకను నుంచి రెండు సెకన్ల పైచిలుకు వరకు. ఒక గీత పెట్టుకుంటే ముందు బండికీ మీకూ మధ్య ఉండేది ఒక్క సెకను. మనిషి కాలు బ్రేక్ మీదికి చేరడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

హైవే మీద పెద్ద గ్యాపే పెట్టండి. "గ్యాప్ ఇస్తే కార్లు దూరిపోతున్నాయి" అన్నది అందరి ఫిర్యాదు. దూరతాయి, నిజమే. దూరిన ప్రతిసారీ మీ కారు కాస్త వెనక్కి తగ్గి మళ్లీ గ్యాప్ పెంచుకుంటుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేలోపు ఇరవై కార్లు అలా దూరినా మీకు పోయేది నిమిషం లోపే. చిన్న గ్యాప్ పెట్టినప్పుడు మాత్రం, ముందు కారు కాస్త బ్రేక్ నొక్కినా మీ కారు గట్టిగా ఆగుతుంది, వెంటనే గట్టిగా అందుకుంటుంది. వెనక సీట్లో వాళ్లకు వికారం, బ్యాటరీకి దండగ.

ముందు బండి పూర్తిగా ఆగితే మీదీ ఆగుతుంది. కొన్ని సెకన్లు గడిచాక మాత్రం దానంతట అది కదలదు. యాక్సిలరేటర్‌ని తాకాలి, లేదా రెజ్యూమ్ బటన్ నొక్కాలి. నొక్కేముందు బంపర్ ముందు ఎవరైనా అడ్డంగా దాటుతున్నారేమో చూడండి.

క్రూజ్ వేసినప్పుడు రీజెన్ ఏమవుతుంది? వన్ పెడల్ మోడ్ సంగతేంటి?

పెట్రోలు కారు క్రూజ్‌కీ ఎలక్ట్రిక్ కారు క్రూజ్‌కీ అసలు తేడా ఇక్కడే. వేగం తగ్గించాల్సి వచ్చినప్పుడు ఎలక్ట్రిక్ కారు ముందు మోటారును జనరేటర్‌గా మార్చి, ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. ఇదే రీజెన్. యాక్సిలరేటర్ నుంచి కాలు తీస్తే చాలు, రీజెన్‌తోనే కారు ఆగేదాకా తగ్గే పద్ధతి వన్ పెడల్ మోడ్. రీజెన్ చాలనప్పుడు డిస్క్ బ్రేకులు కలుపుతుంది. ఎంత తగ్గాలన్నది క్రూజ్ నిర్ణయిస్తుంది కాబట్టి, మీరు పాడిల్స్‌తో (స్టీరింగు వెనక ఉండే చిన్న మీటలతో) పెట్టుకున్న రీజెన్ స్థాయికి ఆ సమయంలో పెద్దగా పని ఉండదు. మీరు క్రూజ్ రద్దు చేసిన మరుక్షణం ఆ స్థాయి తిరిగి వస్తుంది.

చిక్కు అక్కడే వస్తుంది. వన్ పెడల్ మోడ్‌లో గానీ, గరిష్ఠ రీజెన్‌లో గానీ ఉండి, కాలు పెడల్ మీద లేకుండా క్యాన్సిల్ బటన్ నొక్కారంటే ఒక్కసారిగా బ్రేక్ తొక్కినట్టు కారు వేగం తగ్గుతుంది. వెనక టిప్పర్ ఉంటే ప్రమాదం. క్యాన్సిల్ చేసేముందు యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించండి, వేగం నిలబడ్డాక బటన్ నొక్కండి. క్రూజ్ ఎక్కువగా వాడే హైవే ప్రయాణాల్లో రీజెన్‌ను మధ్యస్థంగా పెట్టుకుంటే ఈ కుదుపు ఉండదు.

ఇంకో అలవాటు గురించి కూడా చెప్పాలి. ఊళ్లో వన్ పెడల్‌కి అలవాటు పడ్డ కాలు, ఆగాలనుకున్నప్పుడు యాక్సిలరేటర్ నుంచి లేచి ఊరుకుంటుంది. క్రూజ్‌లో కాలు అప్పటికే లేచి ఉంటుంది కదా. ఆగాలంటే బ్రేక్ తొక్కాల్సిందే. ఈ తేడా ఒంటికి పట్టేదాకా ఒకే ప్రయాణంలో రెండింటినీ మార్చి మార్చి వాడకపోవడం మంచిది.

క్రెటా ఎలక్ట్రిక్ లాంటి కార్లలో క్రూజ్ వేయకపోయినా, రాడార్ చూసిన దూరాన్ని బట్టి రీజెన్‌ను పెంచి తగ్గించే ఆటో పద్ధతి ఉంటుంది. మామూలు రద్దీలో ఇది క్రూజ్ కన్నా హాయి. అయితే ఇది ముందున్న బండిని బట్టి నడుస్తుంది కాబట్టి, ముందు ఏమీ లేనప్పుడు రీజెన్ తగ్గి కారు జారినట్టు అనిపిస్తుంది. స్పీడ్ బ్రేకర్ ముందు నమ్ముకోవద్దు.

బ్యాటరీ 100 శాతం ఉన్నప్పుడు క్రూజ్ బ్రేకింగ్‌లో తేడా కనిపిస్తోంది. పాడైందా?

పాడవలేదు. నిండిన బ్యాటరీలోకి కరెంటు పంపలేరు కాబట్టి రీజెన్ తగ్గిపోతుంది, ఆ పని డిస్క్ బ్రేకులు అందుకుంటాయి. క్రూజ్‌లో ఆగే దూరం మారదు గానీ కాలి కింద, చెవికి తేడా తెలుస్తుంది. క్రూజ్ లేకుండా నడుపుతుంటే వన్ పెడల్ మొదటి కొన్ని కిలోమీటర్లు బలహీనంగా ఉంటుంది. ఇంటి నుంచి బయలుదేరగానే వచ్చే మొదటి సిగ్నల్ దగ్గర బ్రేక్ తొక్కడానికి సిద్ధంగా ఉండండి.

రీజెన్‌తో వేగం తగ్గితే వెనక వాళ్లకు బ్రేక్ లైట్ కనిపిస్తుందా?

గట్టిగా తగ్గితే కనిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆర్13హెచ్ నిబంధన ప్రకారం రీజెన్ వల్ల ప్రతి సెకనులోనూ వేగం సెకనుకు 1.3 మీటర్లకు మించి తగ్గుతుంటే బ్రేక్ లైట్ వెలగాలి. 0.7 నుంచి 1.3 మధ్య వెలగొచ్చు, వెలగకపోవచ్చు. మీ కారు సంగతి తెలుసుకోవాలంటే రాత్రిపూట ఖాళీ రోడ్డు మీద రీజెన్ స్థాయిలు మారుస్తూ, వెనక అద్దంలో ఎర్ర వెలుగు పడుతోందా చూడమని పక్క సీటు మనిషికి చెప్పండి.

క్రూజ్ వాడితే రేంజ్ (ఒక ఛార్జితో వెళ్లే దూరం) పెరుగుతుందా?

సమతలంగా, రద్దీ లేకుండా ఉన్న రోడ్డు మీద పెరుగుతుంది. ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు ఉన్నచోట పెద్దగా ఉండదు. పెట్టిన వేగం కాస్త కూడా తగ్గకూడదని క్రూజ్ ఎత్తు ఎక్కేటప్పుడు మోటారును తోసేస్తుంది. అదే మనిషైతే ఎత్తులో వేగాన్ని నాలుగైదు కిలోమీటర్లు తగ్గనిచ్చి పల్లంలో అందుకుంటాడు.

రేంజ్‌ని అసలు నిర్ణయించేది మీరు పెట్టే అంకె. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 100 నుంచి 80కి దిగితే ప్రతి కిలోమీటరుకు గాలి మీద పోయే శక్తి 36 శాతం తగ్గుతుంది. హైదరాబాద్, విజయవాడల మధ్య దూరం దాదాపు 270 కి.మీ. అనుకుంటే, నిలకడగా 100తో 2 గంటల 42 నిమిషాలు, 80తో 3 గంటల 22 నిమిషాలు. తేడా 40 నిమిషాలు. 100తో వెళ్లి మధ్యలో ఛార్జింగ్‌కి ఆగాల్సి వస్తే ఆ 40 నిమిషాలూ అక్కడే పోతాయి. చిన్న బ్యాటరీ వాళ్లు ఆగకుండా చేరాలంటే 80, 85 దగ్గర సెట్ చేసుకోవడమే లాభం.

కెమెరా, రాడార్ కలిసి ఎంత కరెంటు తింటాయి?

లెక్కలోకి రానంత. ఏసీకి అయ్యే ఖర్చు ముందు అది చిల్లర. రేంజ్ కోసం అడాస్ ఆపడం అనవసరం.

ఆగి ఉన్న లారీని క్రూజ్ చూడలేదు. ఎందుకు?

మన హైవేల మీద అన్నిటికన్నా ప్రమాదకరమైన విషయం ఇదే కాబట్టి కాస్త వివరంగా.

రాడార్ తరంగాలు ముందున్న వస్తువుకు తగిలి తిరిగొచ్చినప్పుడు, దాని దూరంతో పాటు అది కదులుతున్న వేగమూ తెలుస్తుంది. కదిలే బండి ఇట్టే దొరుకుతుంది. కానీ రోడ్డు పక్క బోర్డులు, డివైడర్ రెయిలింగ్, పైన బ్రిడ్జి, మ్యాన్‌హోల్ మూత, ఇవన్నీ కూడా కదలని వస్తువులే. వీటన్నిటికీ బ్రేక్ వేస్తే కారు నడవదు. అందుకని ఎక్కువ వేగంలో కదలని వస్తువుల ప్రతిఫలనాలను చాలా వ్యవస్థలు పక్కన పెట్టేస్తాయి, కెమెరా "ఇది బండే" అని ఖాయం చేసేదాకా. కెమెరా ఖాయం చేయాలంటే ఆ లారీ వెనక భాగం లారీలా కనబడాలి. రాత్రి, టెయిల్ లైట్లు లేకుండా, రిఫ్లెక్టర్లు మట్టికొట్టుకుపోయి, వరిగడ్డి మోపులు రెండు పక్కలా పొంగుకొచ్చిన ట్రాక్టర్ ట్రాలీ కెమెరాకి ఏ ఆకారంగానూ కనబడదు. బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు అంతకన్నా ఘోరం. కారు కొలిచే దూరం లారీ బాడీ వరకు, చువ్వలు దానికన్నా రెండు మూడు మీటర్లు ముందే ఉంటాయి.

ఇంకో రకం ఉంది. మీ ముందు వెళ్తున్న కారు చివరి క్షణంలో లేన్ మారుతుంది, దాని ముందు ఆగి ఉన్న లారీ బయటపడుతుంది. అప్పటిదాకా ముందు కారును అనుసరించిన క్రూజ్, "దారి ఖాళీ అయింది" అనుకుని సెట్ చేసిన వేగానికి అందుకోవడం మొదలుపెట్టొచ్చు. ముందు కారు ఇండికేటర్ వేసినా, కారణం లేకుండా పక్కకి జరిగినా ముందుగా బ్రేక్ మీద కాలు పెట్టండి.

అయితే ఆటో ఎమర్జెన్సీ బ్రేక్ ఎందుకు?

ఆఖరి క్షణంలో కారే బ్రేక్ వేసి దెబ్బ తగ్గించడానికి. తక్కువ వేగంలో పూర్తిగా ఆపగలదు. హైవే వేగంలో చాలాసార్లు దాని వల్ల ఢీకొనే వేగం తగ్గుతుంది, ఢీకొనడం తప్పకపోవచ్చు. పాదచారులు, సైకిళ్ల విషయంలో అది పని చేసే గరిష్ఠ వేగం కార్ల విషయంలో కన్నా తక్కువగా ఉంటుంది. ఆ అంకె మాన్యువల్‌లో ఉంటుంది, చూసుకోండి.

రాత్రి క్రూజ్ ఎంతకు సెట్ చేయాలి?

లెక్క వేసుకోండి. 100 కి.మీ. వేగంలో మీరు చూసి స్పందించేలోపు, ఒకటిన్నర సెకనులో, 42 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ తొక్కినా ఆగడానికి మరో 55 మీటర్లు. మొత్తం 97. అదే 80లో 33, 35 కలిపి 68 మీటర్లు. లో బీమ్ వెలుగు స్పష్టంగా పడేది 50, 60 మీటర్ల వరకే. అంటే లో బీమ్‌లో 80 కూడా ఎక్కువే. ఎదుటి బండ్ల వల్ల లో బీమ్ తప్పని చోట 70కి దిగండి. డివైడర్ మీద చెట్లు అడ్డుగా ఉండి, హై బీమ్ వేసుకోగలిగిన చోట్ల 80 పెట్టొచ్చు. అడాస్ ఉందన్న ధీమాతో రాత్రి 110కి సెట్ చేసి కూర్చోవడం పచ్చి తెలివితక్కువతనం.

గేదెలు, మేకలు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు?

చాలా కంపెనీలు కారు, లారీ, బైకు, సైకిలు, మనిషి ఆకారాలనే ఖాయంగా గుర్తిస్తామంటాయి. పశువులకు హామీ ఉండదు. సాయంత్రం మంద ఇంటికి మళ్లే వేళ, ఊరు దగ్గరపడుతుంటే క్రూజ్ తీసేయండి. రాంగ్ రూట్‌లో డివైడర్ పక్కనుంచి వచ్చే బైకు మీద ఆశ పెట్టుకోకండి. రెండు వేగాలూ కలిసిపోవడంతో వ్యవస్థకు దొరికే సమయం సగానికి పడిపోతుంది, ఎదురొచ్చే బండ్లకు బ్రేక్ వేయని మోడళ్లూ ఉన్నాయి. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మొక్కజొన్నలు, వాటి అంచున పెట్టిన రాళ్లు ఏ సెన్సారుకీ అడ్డంకిగా కనబడవు. గుంతలు, రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు కూడా అంతే.

లేన్ అసిస్ట్ స్టీరింగ్‌ను లాగుతోంది. ఎందుకలా?

ముందు రెండు ఫీచర్లను విడదీసి చూడాలి. ఒకటి, మీరు గీత దాటబోతుంటే వెనక్కి నెట్టేది. రెండోది, కారును లేన్ మధ్యలో నిలబెడుతూ ఎప్పుడూ స్టీరింగును సర్దుతూ ఉండేది, అంటే లేన్ సెంటరింగ్. మొదటిది చాలా కార్లలో 60 దాటాకే మేల్కొంటుంది. ఇండికేటర్ వేస్తే ఊరుకుంటుంది. కాబట్టి "లాగుతోంది" అన్న ఫిర్యాదులో సగం, ఇండికేటర్ వేయకుండా లేన్ మారే అలవాటు మీద ఫిర్యాదు.

మిగతా సగం రోడ్డుది. కెమెరా తెల్ల, పసుపు గీతలను వెతుకుతుంది. రోడ్డు పని జరిగేచోట పాత గీత చెరపకుండా కొత్త గీత వేస్తారు, అది రెండింటి మధ్య తికమకపడుతుంది. పగుళ్లు పూడ్చడానికి పోసిన తారు చారలు ఎండలో మెరుస్తూ గీతల్లా కనిపిస్తాయి. సిమెంటు రోడ్డు మీద తెల్ల గీత, అంతే తెల్లటి రోడ్డులో కలిసిపోతుంది. సర్వీస్ రోడ్డుకు చీలేచోట ఎడమ గీతను పట్టుకుని అటు లాగొచ్చు. విజయవాడ హైవేను ఆరు లేన్లకు పెంచే పనులు సాగినంత కాలం, డైవర్షన్ల దగ్గర లేన్ సెంటరింగ్ ఆపే ఉంచండి.

పక్కనుంచి బైకు దూరినప్పుడు మీరు అసంకల్పితంగా కుడికి జరుగుతారు. ఇండికేటర్ ఉండదు. ఆ క్షణంలో లేన్ అసిస్ట్ మిమ్మల్ని తిరిగి బైకు వైపు నెడుతుంది. నెట్టే బలం తక్కువే, చేతితో సులభంగా మించొచ్చు. కానీ తెలియనివాళ్లు ఉలిక్కిపడి స్టీరింగును అతిగా తిప్పేస్తారు. రెండు లేన్ల రోడ్డు మీద, ఊళ్ల గుండా వెళ్లేటప్పుడు దీన్ని ఆపేయడం మేలు. కొన్ని కార్లలో స్టీరింగ్ మీది లేన్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. ఆపినా, కారు మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు తిరిగి ఆన్ అయ్యే మోడళ్లున్నాయి. బయలుదేరేటప్పుడు ఒకసారి చూసుకోండి.

చేతులు స్టీరింగు మీదే ఉన్నా "చేతులు పెట్టండి" అంటోంది.

చాలా కార్లు చేతిని గుర్తించేది స్పర్శతో కాదు, స్టీరింగు మీద పడే చిన్న మెలితో. మలుపుల్లేని తిన్నటి రోడ్డు మీద చేతులు ఊరికే ఆనించి కూర్చుంటే ఆ మెలి ఉండదు. ఒక చేతి బరువు ఒక పక్కకి కొద్దిగా వేసి పట్టుకుంటే చాలు. స్టీరింగుకి నీళ్ల సీసా కట్టడం, ఆన్‌లైన్‌లో దొరికే బరువు క్లిప్పులు తగిలించడం ఆత్మహత్యతో సమానం. అలాంటి ఒక పరికరం అమ్మకాన్ని ఆపమని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2018లోనే ఆదేశించింది.

ముందు ఏమీ లేకపోయినా బ్రేక్ వేసేస్తోంది.

ఎక్కడ వేసిందో గుర్తుంచుకోండి, కారణం అక్కడే దొరుకుతుంది. మామూలుగా కనిపించేవి: మలుపులో బయటి అంచున ఆగిన బండి సూటిగా ముందున్నట్టు అనిపించడం, నిటారైన ర్యాంపు, సెల్లార్ ఎక్కేచోట ఇనుప జాలీ, పోలీసు బారికేడ్ల మధ్య వంకరగా వెళ్లడం, ఆటో అడ్డంగా దూరడం.

అనవసరంగా బ్రేక్ పడుతుంటే యాక్సిలరేటర్‌ను గట్టిగా నొక్కండి, చాలా కార్లలో అది బ్రేకును రద్దు చేస్తుంది. అయితే ఆ నొక్కేముందు ముందు నిజంగానే ఏమీ లేదని కళ్లతో ఖాయం చేసుకోవాలి. హెచ్చరిక సమయాన్ని "ఆలస్యం" అనే సెట్టింగుకి మారిస్తే ఊళ్లో గోల చాలా తగ్గుతుంది. ఎమర్జెన్సీ బ్రేకును పూర్తిగా ఆపేయడం మాత్రం చేయకండి. ఒకేచోట కాకుండా అన్నిచోట్లా ఇలా జరుగుతుంటే రాడార్ బ్రాకెట్ వంగిందేమో చూపించాలి.

అమీర్‌పేట, బెంజ్ సర్కిల్ లాంటి చోట్ల రద్దీలో క్రూజ్ వాడొచ్చా?

ఆగుతూ సాగుతూ పోయే సామర్థ్యం దానికి ఉంది, మన ఊళ్ల రద్దీకి అది సరిపోదు. కారు ముక్కు మూల నుంచి అడ్డంగా దూరే బైకు సగం దూరాక గానీ రాడార్ కంటికి పడదు. ఊళ్లో ఆటో రీజెన్, బ్లైండ్ స్పాట్, వెనక అడ్డంగా వచ్చే బండ్ల హెచ్చరిక, ఈ మూడు చాలు. బ్లైండ్ స్పాట్ బీప్ బైకుల వల్ల అదేపనిగా మోగుతుంది. శబ్దం తగ్గించి, అద్దంలో వెలిగే దీపాన్ని మాత్రం ఉంచుకోండి.

టోల్ ప్లాజా దగ్గర?

హైదరాబాద్, విజయవాడ దారిలో పంతంగి అయినా, కొర్లపహాడ్ అయినా, చిల్లకల్లు అయినా, అర కిలోమీటరు ముందే క్రూజ్ తీసేయండి. ముందు కారు ఫాస్టాగ్ లేన్ దాటి వేగం అందుకోగానే మీ కారు కూడా దాని వెంట పడుతుంది. సన్నని అడ్డుకర్ర క్రూజ్‌కి కనబడకపోవచ్చు.

తిరుమల, అరకు ఘాట్‌లలో?

క్రూజ్, లేన్ సెంటరింగ్ రెండూ ఆపండి. మలుపులో ముందు బండి రాడార్ చూపు నుంచి తప్పుకోగానే క్రూజ్ వేగం పెంచబోతుంది. దిగేటప్పుడు రీజెన్ గరిష్ఠంలో పెట్టుకుంటే బ్రేకులు వేడెక్కవు. మనుషులతో కలిపి 2,000 కిలోల కారు 900 మీటర్ల ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 4.9 యూనిట్లు. నష్టాలు పోను అందులో కొంత భాగమే బ్యాటరీకి చేరుతుంది, అయినా దానికి చోటుండాలి. కొండ మీద రాత్రి ఉండి ఛార్జ్ చేసుకునేవాళ్లు 85, 90 శాతం దగ్గర ఆపేయండి.

వాన, పొగమంచు, ఎదురెండ?

జోరు వానలో వైపర్ తుడిచిన భాగం నుంచే కెమెరా చూస్తుంది, గీతలు నీటిలో మాయమవుతాయి, లేన్ అసిస్ట్ దానంతట అదే ఆగిపోతుంది. రాడార్ పని చేస్తూనే ఉంటుంది కాబట్టి క్రూజ్ ఆగకపోవచ్చు. మీరే ఆపాలి. నీటి మీద టైరు తేలినప్పుడు వేగం నిలబెట్టాలని చూసే క్రూజ్ కీడే చేస్తుంది.

ఎదురెండ సంగతి చాలామందికి తట్టదు. హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు పొద్దున్నే బయలుదేరితే సూర్యుడు ముఖం మీదే ఉంటాడు, సాయంత్రం తిరుగు ప్రయాణంలోనూ అంతే. ఆ గంటలో మీ కళ్లతో పాటు కెమెరా కూడా చెదురుతుంది. ముందు అద్దం లోపలి వైపు పేరుకున్న పొర ఎండను ఇంకా చెదరగొడుతుంది. కెమెరా ముందున్న అద్దం శుభ్రంగా ఉంచండి, కెమెరా గూడును మాత్రం విప్పొద్దు.

వాహన పూజ చేయించాం. ఇప్పుడు "రాడార్ అడ్డుపడింది" అని వస్తోంది.

ముందు గ్రిల్ చూడండి. రాడార్ సాధారణంగా బంపర్ కింది భాగంలో గానీ, లోగో వెనక గానీ, నున్నటి నల్ల పలక వెనక ఉంటుంది. ఆ పలక మీద పూసిన పసుపు కుంకుమ ఎండి గట్టిపడినా, పూలదండ దానికి అడ్డంగా వేలాడినా, నిమ్మకాయ మిరపకాయల దండ ఊగుతున్నా ఈ సందేశం రావచ్చు. తడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు, గీరొద్దు. బొట్టు బానెట్ మీద పెట్టండి, నిమ్మకాయలు నంబరు ప్లేటుకు ఒక పక్కన కట్టండి. డ్యాష్‌బోర్డు మీద మెరిసే విగ్రహం పెడితే దాని ప్రతిబింబం ముందు అద్దంలో పడి కెమెరాకి అడ్డొస్తుంది. మెరవని చిన్నది ఎంచుకోండి.

ఇనుప క్రాష్ గార్డ్ అసలు వద్దు. అది రాడార్‌కి ఎదురుగా నిలబడుతుంది. పైగా కేంద్ర రవాణా శాఖ 2017లోనే అది చట్టవిరుద్ధమని రాష్ట్రాలకు చెప్పింది. రాడార్ పలక మీద స్టిక్కర్లు, లోహపు పొడి ఉన్న పెయింటు, మందపాటి ర్యాపింగ్ కూడా ఇబ్బందే.

ముందు అద్దం మార్చాం. ఇక అంతేనా?

అంతే కాదు, కెమెరాను కాలిబ్రేట్ చేయాలి, అంటే దాని చూపు కోణాన్ని మళ్లీ సరిచేయాలి. కెమెరా కోణం ఒక్క డిగ్రీ తప్పితే 50 మీటర్ల దూరంలో దాదాపు 90 సెంటీమీటర్లు తేడా వస్తుంది, అంటే పక్క లేన్ బైకు మీ లేన్‌లో ఉన్నట్టు. సమతలమైన నేల మీద, కొలిచిన దూరంలో గళ్ల బోర్డు పెట్టి చేసేది ఒక పద్ధతి. స్కానర్ తగిలించి గీతలున్న రోడ్డు మీద నడిపి చేసేది రెండోది. కొన్ని కార్లకు రెండూ కావాలి. అద్దం బిల్లులో కాలిబ్రేషన్ అన్న పంక్తి విడిగా ఉందో లేదో చూసి, రిపోర్టు కాపీ అడగండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో దాన్ని ముందే చేర్పించండి.

ముందు బంపర్ ఊడదీసి పెట్టినా, సస్పెన్షన్ పని చేసినా, వీల్ అలైన్‌మెంట్ తేడాగా ఉన్నా ఇదే అవసరం పడొచ్చు. కారు ఒక పక్కకి లాగుతుంటే ముందు టైర్లలో గాలి, అలైన్‌మెంట్ చూసి తర్వాత అడాస్‌ను అనుమానించండి.

రెండు వారాలు కదపలేదు. తీయగానే అన్ని అడాస్ హెచ్చరికలూ ఒకేసారి వెలిగాయి.

పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా 12 వోల్టుల చిన్న బ్యాటరీ నీరసపడి ఉంటుంది. కంప్యూటర్లన్నీ నడిచేది దాని మీదే. వోల్టేజీ తగ్గితే ఒక్కొక్కటిగా తప్పు చూపిస్తాయి. కారును రెడీ మోడ్‌లో (నడపడానికి సిద్ధంగా, ఆన్ చేసి) అరగంట ఉంచి, ఆపి, మళ్లీ తీయండి. మళ్లీ మళ్లీ వస్తుంటే చిన్న బ్యాటరీని పరీక్ష చేయించండి. విడి డ్యాష్‌క్యామ్‌ని ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా తగిలించారా? మొదటి అనుమానితుడు అదే.

స్క్రీన్ మీద చూపించే స్పీడ్ లిమిట్‌ను నమ్మొచ్చా?

సూచనగా మాత్రమే. కెమెరా సర్వీస్ రోడ్డు బోర్డును హైవేదనుకుంటుంది, లారీ వెనక రాసిన 80 అంకెను కూడా చదివేస్తుంది. కేంద్రం 2018 నోటిఫికేషన్ ప్రకారం కార్లకు ఎక్స్‌ప్రెస్‌వేల మీద 120, డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్ల మీద 100 గరిష్ఠం, స్థానికంగా అంతకన్నా తగ్గించొచ్చు. లిమిట్ చూసి క్రూజ్ తానే వేగం మార్చుకునే సౌకర్యం మీ కారులో ఉంటే ఆపేయండి. వంద మీద పోతూ ఉన్నట్టుండి 40కి దిగాలని చూస్తుంది.

అమెరికాలో టెస్లా నడిపే అలవాటుంది. సెలవులకు వచ్చి ఇక్కడి కారులో అలాగే వాడొచ్చా?

అక్కడ ఆటోపైలట్ అన్నా, ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ అన్నా డ్రైవర్ పర్యవేక్షణ తప్పనిసరి. డ్రైవర్ ధ్యాసను కనిపెట్టే ఏర్పాట్లు చాలడం లేదని 2023 డిసెంబరులో అక్కడ 20 లక్షల పైచిలుకు టెస్లాలకు రీకాల్ కింద సాఫ్ట్‌వేర్ మార్చారు. అలవాటు విషయంలో తేడాలు ఇవీ: ఇక్కడి చాలా కార్లలో ఇండికేటర్ వేస్తే కారు తానే లేన్ మారదు, స్టీరింగ్ సాయం ఆగిపోతుంది అంతే. సిగ్నల్‌కి, స్టాప్ బోర్డుకి ఆగదు. బ్రేక్ తొక్కితే క్రూజ్ పోతుంది కానీ లేన్ సాయం కొన్ని కార్లలో మిగిలే ఉంటుంది. రెండింటికీ రెండు బటన్లు, రెండు గుర్తులు.

ఛార్జింగ్ స్టేషన్‌లో ఆటో పార్కింగ్ వాడొచ్చా?

గీతలు గీసి, నేల చదునుగా ఉంటే వాడొచ్చు. మీ ఛార్జింగ్ పోర్టు ముందుంటే ముక్కు లోపలికి, వెనకుంటే రివర్స్‌లో వెళ్లాలి. ఆటో పార్కింగ్ ఎక్కువగా రివర్స్‌నే ఎంచుకుంటుంది. నేల మీద పడి ఉన్న ఛార్జింగ్ గన్ కేబుల్, మోకాలి కన్నా తక్కువ ఎత్తు సిమెంటు దిమ్మెలు, సన్నటి ఇనుప గొట్టాలు, వేలాడే గొలుసులు పార్కింగ్ సెన్సార్లకు సరిగ్గా అందవు. చివరి మీటరు కెమెరాలో చూస్తూ మీరే నడపండి. అంతకన్నా ముందు కారు దిగి, మీరు ఎంచుకున్న గన్ పని చేస్తోందో లేదో చూసుకోండి. సగం శ్రమ అక్కడే తప్పుతుంది.